హీరోయిన్ గొంతు దర్జీ గారి అబ్బాయిది

నేను ఒక మగపిల్లవాణ్ణి ప్రేమిస్తున్నానని మొదటిసారి పైకి చెప్పింది మైకులో. సుమారు మూడు వందల మంది విన్నారు. వాళ్ళలో మా నాయన ఉన్నాడు, మా అమ్మ ఉంది, మా లెక్కల మాస్టరు ఉన్నాడు, చేపలమ్ముకొని ఖాళీ గంపలతో ఇంటికి పోతూ ఆగిన ఆడవాళ్ళున్నారు. ఒక్కరూ కోప్పడలేదు. కొంతమంది ఏడ్చారు. ఆఖరికి అందరూ కలిసి "వన్స్ మోర్" అని అరిచారు.

ఇది అరవైల మొదట్లో వాకాడులో జరిగింది. నాకప్పుడు పదిహేడేళ్ళు. ఎస్సెల్సీ చదువుతున్నాను. మా వూరు అక్కడికి రెండు మైళ్ళు. వరి పొలం మీద బతికే కుటుంబం మాది. రోజూ గట్ల మీద నడిచి హైస్కూలుకు పోయేవాణ్ణి. అతను నా క్లాసే, నా వయసే. బజారులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ సాయిబు గారి కొడుకు. వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగే. పద్యం ఎత్తుకున్నాడంటే పక్క క్లాసులో పాఠం ఆగిపోయేది. గొంతు అంత మెత్తన. అందుకని స్కూల్లో ఏ నాటకం వేసినా రాణి అతనే. నా గొంతు పెద్దది కాబట్టి రాజు నేను.

ఆ సంవత్సరం నాటకానికి రాజు చొక్కా వాళ్ళ నాయన కుట్టాలి. ఆ రోజు ఆయన లేకపోయేసరికి కొలతలు అతను తీశాడు. భుజాల మీదుగా టేపు వేశాడు. ఛాతీ కొలిచి రాసుకున్నాడు. మళ్ళీ కొలిచాడు, ఇంకో అంకె రాసుకున్నాడు. మూడోసారీ కొలిచాడు.

"ఏందిరా, ఒక్కోసారి ఒక్కోటి వస్తా ఉండాది? ఊపిరి పట్టుకోబాక," అన్నాడు.

"నువ్వు అంత దగ్గరగా నిలబడితే ఊపిరి ఎట్టా వదిలేది?" అన్నాను.

అతను టేపు చుట్టేశాడు. చొక్కా వచ్చింది. ఒక చెయ్యి మోచేతి దాకా, ఇంకో చెయ్యి వేళ్ళు దాటి. నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత వెడల్పు. సాయిబు గారు దాన్ని ఎత్తి పట్టుకొని, "ముప్పయ్యేళ్ళుగా ఈ పని చేస్తా ఉండా, ఇట్టాంటి మనిషిని నేను చూళ్ళేదు," అన్నాడు. నేను దాన్ని వేసుకొనే నాటకం ఆడాను. కొలతలు తీసిన రోజు నుంచి నాకు ఏదో అయిందని తెలుసు. దానికి పేరేమిటో మాత్రం తెలీదు. పుస్తకాల్లో వెతికాను. సినిమాల్లోనూ వెతికాను. అన్ని సినిమాల్లోనూ ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఒక చెట్టు ఉండేవి. ఇద్దరు అబ్బాయిలుంటే కత్తులు కూడా ఉండేవి.

తుఫాను పోయిన వారానికి ఊరి బయట ఇసుక మైదానంలో టూరింగు టాకీసు వేశారు. గుడారం, నాలుగు బెంచీలు, ఎనిమిది కుర్చీలు, మిగతాదంతా ఇసుక. జనం ఇసుకనే పోగుచేసి పీటలా చేసుకొని కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య ఒక పాత చీర అడ్డం. చీకటి పడగానే సందేళ ఆట మొదలు. ఓనరు బొద్దుగా, ఎప్పుడూ కంగారుగా ఉండే మనిషి. ఆయన కంగారుకు ఈసారి కారణం ఉంది. కొత్త సినిమా డబ్బాలు దిగిన మర్నాడే, ఎగువన పడిన వానలకు స్వర్ణముఖి ఏరు పొంగింది. ఏట్లో దారి మునిగి బస్సులు ఆగిపోయాయి. అదే రోజు మిషన్లో ఫిలిం అంచునున్న శబ్దాన్ని చదివే చిన్న బల్బు కాలిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. బొమ్మ పడుతుంది, మైకు పలుకుతుంది. తెర మీది మనుషులు మాత్రం నోళ్ళు కదుపుతారు తప్ప కిక్కురుమనరు.

ఓనరు నేరుగా మా స్కూలుకు వచ్చి తెలుగు మాస్టర్ని పట్టుకున్నాడు.

"అయ్యా, మాటలు చెప్పేవోళ్ళు కావాల. మీ దగ్గిర నాటకాలోళ్ళు ఉండారంట."

మాస్టరు మా ఇద్దర్నీ పిలిపించాడు. "ఒకడు బాగా అరస్తాడు, ఇంకొకడు బాగా ఏడస్తాడు. సినిమాకి ఇంకేం కావాల? తీసకపో," అన్నాడు.

ఆ సినిమాను ఇంతకు ముందు చూసినవాడు మిషను ఆపరేటరు ఒక్కడే. ఇంజను పక్కన ఏళ్ళ తరబడి కూర్చొని చెవులు సగం పోయిన మనిషి. కథ ఆయనే మాకు చెప్పాడు. జమీందారు కొడుకు, పేద పిల్ల, ఒక మీసాలాయన, మధ్యలో కోర్టు అన్నాడు.

"మీసాలాయన ఎవరన్నా?" అని అడిగాను.

"పిల్లకి తండ్రి," అన్నాడు గట్టిగా.

మేం తెర వెనుక ఇసుకలో కూర్చున్నాం. అక్కణ్ణుంచి బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. హీరో ఎడం చేత్తో అన్నం తింటున్నాడు. ఉన్నది ఒక్కటే మైకు. అది ఇద్దరి నోళ్ళకూ అందాలంటే చెంపలు తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. మగవాళ్ళందరూ నేను. హీరోయిను, హీరో తల్లి, వంటమనిషి, చంటిపిల్ల అతను. హీరోయినూ తల్లీ పోట్లాడే చోట అతను తనతో తానే పోట్లాడి, తానే గెలిచి, తానే ఏడ్చేవాడు. పాటలకు ఓనరు గ్రామఫోను పెట్టించాడు. దగ్గర ఉన్నవి వేరే ఏవో సినిమాల ప్లేట్లు. హీరోయిను నోరు మూసుకొని ఇంట్లోకి వెళ్ళిపోయాక కూడా పాట రెండు నిమిషాలు నడిచేది.

మొదటి రోజు ఏడో రీలు దాకా బాగానే గడిచింది. అప్పటిదాకా నేను మీసాలాయన చేత హీరోయిన్ని "అమ్మా, తల్లీ" అని పిలిపిస్తున్నాను. ఏడో రీల్లో పందిరి కనిపించింది. మీసాలాయన తలపాగా చుట్టుకొని పీటల మీద కూర్చున్నాడు. పక్కన హీరోయిను. ఆయన చేతిలో తాళి. గుడారం మొత్తం ఒక్కసారిగా లేచింది.

"ఓరి నీ పాడె గట్ట! కూతుర్నా?" అని ఒక ముసలామె కేకేసింది.

అతనే మైకు లాక్కొని పురోహితుడి గొంతుతో, "ఆపండి! ఇది పాపం!" అన్నాడు. అదృష్టం కొద్దీ తెర మీద కూడా ఎవరో వచ్చి పెళ్ళి ఆపారు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు మీసాలాయన్ని మేనమామను చేశాం. మా వైపు మేనమామ పెళ్ళి ఎవరికీ తప్పు కాదు. అందరూ శాంతించారు. అయితే మొదటి రోజు చూసినవాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళకు, "నిన్న తండ్రి, ఇయ్యాల మేనమామ," అని చెప్పి, రేపు ఏమవుతాడో చూద్దామని మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు.

తొమ్మిదో రీల్లో మాకు పెద్ద చిక్కు ఉండేది. ఏటి గట్టున హీరో హీరోయిన్ ఇద్దరే ఉంటారు. హీరో ముఖం సగం అటు తిప్పుకొని చాలాసేపు ఏదో చెబుతాడు. ఆమె వింటుంది. తర్వాత ఆమె ఒక మాట అంటుంది. ఆపరేటరుకు అక్కడి మాటలు గుర్తులేవు. నాకు తోచక మొదటి మూడు రోజులూ పొలం సంగతులు మాట్లాడాను. "నారు బాగా వచ్చింది. తుఫానుకు కొంత పడిపోయింది. కాలవ మరమ్మతు చేయిస్తా ఉండారు," అని. జమీందారు కొడుకు కాబట్టి సరిపోతుందనుకున్నాను. రెండో రోజు చీరకు అటువైపు నుంచి ఎవరో ఆడమనిషి, "పిల్ల ఎదురుగా నిలబడితే నారు గురించి మాట్లాడతాడేందమ్మా వీడు!" అంది.

నాలుగో రోజు ఎనిమిదో రీలు అయిపోయి తొమ్మిదోది ఎక్కిస్తున్నారు. మైకు ఆపి ఉంది. అతను ఇసుకలో గీతలు గీస్తూ నావైపు చూడకుండా అన్నాడు.

"నన్ను మద్రాసు పంపిస్తా ఉండాడు మా నాయన. మా మామ సినిమా డ్రెస్సులు కుడతాడు గదా, ఆయన కాడికి. ఏట్లో నీళ్ళు తగ్గి బస్సు వస్తే ఎక్కేయడమే."

"పరీక్షలు?"

"దర్జీకి పరీక్షలెందుకంటాడు."

బొమ్మ పడింది. హీరో ముఖం అటు తిప్పుకున్నాడు. నేను మైకు పెట్టుకొని మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం మాట్లాడతానో నాకే తెలీదు.

"నువ్వు నా కొలతలు తీసిన రోజు గుర్తుందా? ఛాతీ మూడుసార్లు కొలిచినావు. మూడుసార్లూ మూడు లెక్కలు వచ్చినాయి. ఆ రోజు నించి నాకు నువ్వు తప్ప ఏదీ కనపడ్డం లేదు. ఎదురుగ్గా ఉండే బోర్డు కూడా కనపడ్డం లేదు. ఇది ఏందో నాకు తెలీదు. దీన్ని ఏమంటారో కూడా తెలీదు. నువ్వు పోబాక. నువ్వంటే నాకు పిచ్చి ఇష్టం."

అతను నన్ను చూస్తున్నాడు. తెర మీద హీరోయిను పెదవులు కదిలించింది. మాట రాలేదు. ఆమె ఇంకా కదిలించింది. అతను ఇంకా నన్నే చూస్తున్నాడు. ముందు వరసలో ఈలలు మొదలయ్యాయి. హీరోయిను మాట్లాడటం ముగించి, కన్నీళ్ళు తుడుచుకొని వెళ్ళిపోయింది. బొమ్మ మారింది. ఒక ఎద్దు ముఖం తెర నిండా వచ్చింది. బండి కట్టిన తెల్ల ఎద్దు. తాపీగా నెమరు వేస్తోంది. అప్పుడు అతను మైకు దగ్గరికి వంగి, చాలా మెల్లగా, "నాకూ అంతే," అన్నాడు.

ఎద్దు అన్నట్టే ఉంది. దవడ సరిగ్గా ఆ మాటకే కదిలింది.

ఒక్క క్షణం తర్వాత గుడారం బద్దలైంది. నవ్వినవాళ్ళు నవ్వారు, ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, కొంతమంది లేచి ఎద్దుకు దండం పెట్టారు. "వన్స్ మోర్! ఎద్దు వన్స్ మోర్!" అని కేకలు. ఓనరు తెర వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"అదే, అట్నే చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్క మాట మారనీబాకండి. ఎద్దు మాట అసలు మారకూడదు!"

ఆపరేటరు రీలు వెనక్కి చుట్టాడు. నేను నా జీవితంలోని అతి పెద్ద రహస్యాన్ని పది నిమిషాల తేడాలో రెండోసారి చెప్పాను. ఈసారి అతను హీరోయిను వంతుకు ఏడ్చి, ఎద్దు కోసం కాచుకొని, సరైన సమయానికి "నాకూ అంతే" అన్నాడు. అంటూ మైకు కింద నా చిటికెన వేలు పట్టుకున్నాడు.

ఆట వదిలాక జనంలో కలిసి నడుస్తూ మాటలు విన్నాను. బోర్డు కనపడటం లేదన్నాను కదా, హీరోకు కళ్ళు పోయాయని ఊరు ఊరంతా తీర్మానించుకుంది. ఆ తర్వాతి రీల్లో హీరో గుర్రమెక్కి దౌడు తీస్తుంటే ఆడవాళ్ళు ఎందుకంత హడలిపోయారో నాకప్పుడు అర్థమైంది.

"కళ్ళు లేని బిడ్డని గుర్రమెక్కించినారే, వాళ్ళమ్మకి బుద్ధుండొద్దా?" అంటోంది మా అమ్మ పక్కింటామెతో.

మర్నాడు ఓనరు ప్రచారం బండి మీద బోర్డు మార్పించాడు. డప్పు వాయిస్తూ, "ఎద్దు మాట్లాడే చిత్రం! గుడ్డి హీరో గుర్రపు స్వారీ!" అని చుట్టుపక్కల పల్లెలన్నీ తిప్పాడు. సముద్రం ఒడ్డు పల్లెల నుంచి కూడా జనం దిగారు. ప్రచారం బండి లాగే ఎద్దునే సినిమాలో ఎద్దనుకొని దాని మూతి ముందు చెవి పెట్టి నిలబడేవాళ్ళు. అది సినిమాలో ఎద్దు కాదు, అసలు తెల్లది కూడా కాదు. అయినా ఒకాయన దానితో తన పొలం తగాదా చెప్పుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఆ విధంగా రోజూ సాయంత్రం నేను చెప్పడం, ఎద్దు ద్వారా అతను ఒప్పుకోవడం మాకు ఉద్యోగమైపోయింది.

ఇదంతా అర్థమైన మనిషి ఊరు మొత్తం మీద ఒక్కడే. దర్జీ సాయిబు గారు ఆరో రోజు సినిమాకు వచ్చాడు. ఏడో రోజు మధ్యాహ్నం నన్ను కొట్టుకు రమ్మన్నాడు. కొడుకు లేడు. ఆయన మిషను తొక్కడం ఆపి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"జమీందారు కొడుక్కి కొలతలు తీసింది ఎవురబ్బయా?" అన్నాడు.

నేను నేల చూశాను.

"ఆ పిల్ల పేదింటి పిల్ల. పొలం పని చేసుకునేది. దానికి టేపు యాణ్ణించి వచ్చింది? ఛాతీ మూడుసార్లు కొలవడమేంది? ఆ చొక్కా పాడుచేసింది నేను మర్చిపోయినాననుకున్నావా?"

"తప్పయిపోయింది మామా," అన్నాను.

బయట ఎవరో పిల్లలు ఎద్దులా మూతి తిప్పుతూ "నాకూ అంతే, నాకూ అంతే" అనుకుంటూ పోయారు. ఆయన వాళ్ళు వెళ్ళిందాకా ఆగాడు.

"కొలతల మాట తీసేయ్," అన్నాడు చివరికి. "నాకు తెలిసినట్టు ఇంకొకరికి తెలిస్తే మావోణ్ణి బతకనీరు. నిన్నూ బతకనీరు. నీళ్ళిచ్చిందనో, పూలిచ్చిందనో ఏందోటి చెప్పు. మిగతాది నీ ఇష్టం."

మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. నేను గుమ్మం దాటుతుంటే, తలెత్తకుండా, "మావోడు అన్నం సరిగ్గా తింటం లేదు. తినమని చెప్పు. నువ్వు చెప్తే వింటాడు," అన్నాడు.

ఆ సాయంత్రం కొలతలు తీసేసి, "నువ్వు నాకు మంచినీళ్ళిచ్చిన రోజు" అన్నాను. రెండోసారి చూడటానికి వచ్చినవాళ్ళు ఊరుకోలేదు. "కొలతలు ఏమయినాయి? కోసేసినారు! పాత సినిమా వెయ్యాల!" అని గోల. మధ్యలో సాయిబు గారు కూర్చొని ఉన్నాడు. లేచి, "నీళ్ళే బాగుంది, గమ్మునుండండి!" అని అరిచాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఒక మనిషికి తెలిసిందన్న ధైర్యమో ఏమో, నాకు ఇంట్లో కూడా చెప్పాలనిపించింది. ఆదివారం నాయన వెంట పొలానికి పోయాను. నీళ్ళు పెడుతున్నాడు.

"నాయనా, తొమ్మిదో రీల్లో మాటలు సినిమావి కావు. నావే."

"తెలుసులేరా!" అన్నాడు పార ఆపి, ముఖమంతా వెలిగిపోయి. "ఆపరేటరు చెప్పినాడు. నా కొడుకు సినిమాకి రాసినాడని రెండూర్లోళ్ళకి చెప్పుకున్నా."

"రాసింది కాదు. నిజంగా అనుకున్నవే చెప్పినా."

"ఓహో." నాయన కొంచెం గంభీరమయ్యాడు. "ఎవురింటి పిల్ల?"

"పిల్ల కాదు నాయనా."

"మరి?"

"నేను చెప్పిన మాటకి బదులు చెప్పింది ఎవురు? దాన్నిబట్టి చూసుకో."

నాయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. కనుబొమలు దగ్గరికి తెచ్చి, "ఎద్దా?" అన్నాడు.

నేను ఎంత ఆపుకున్నా నవ్వు వచ్చింది. నేను నవ్వడం చూసి ఆయనా నవ్వాడు. ఇద్దరం గట్టు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చిందాకా నవ్వాం. నవ్వు అయిపోయాక ఆయన నా ముఖం కేసి కాసేపు చూశాడు. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. అడగలేదు. "పద, అవతల మడిలో నీళ్ళు ఎక్కువయినాయి," అని లేచాడు. ఆ రోజు ఆయనకు తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. నాకు పెళ్ళి చెయ్యమని అమ్మ పోరినప్పుడల్లా మాత్రం, "వాడి సంగతి వదిలేయ్," అనేవాడు. ఎందుకో ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఆయనా చెప్పేవాడు కాదు.

ఇక ఏటి సంగతి. నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయోనని ఓనరు ఒక వెదురు కర్రకు సున్నంతో గీతలు గీసి ఒడ్డున పాతాడు. రోజూ పొద్దున్నే వచ్చి గీతలు చూసుకొనేవాడు. మాకు నీళ్ళు తగ్గడం ఇష్టం లేదు. అందుకని మధ్యాహ్నం ఇంటర్వెల్లో మేమిద్దరం పోయి ఆ కర్రను పీకి ఒక అడుగు లోపలికి పాతేవాళ్ళం. నీళ్ళు తగ్గుతున్నాయి, కర్ర లోతుకు పోతోంది. గీతల ప్రకారం నీళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. ఓనరు తల పట్టుకొనేవాడు. "వానల్లేవు, ఇంత నీరు యాణ్ణించి వస్తా ఉండాది?" అని గుళ్ళో కొబ్బరికాయ కూడా కొట్టాడు. పదో రోజుకు కర్ర ఏటి మధ్యకు చేరింది. మేకలు దాని పక్కనుంచి నడిచి దాటుతున్నాయి. ఓనరు మాత్రం కర్ర కేసే చూస్తూ, "ఇంకా మూడు గీతలుండాయి," అన్నాడు.

పదకొండో రోజు పొద్దున బస్సు వచ్చేసింది. డ్రైవరు కర్రను చూడలేదు.

అదే బస్సులో మద్రాసు నుంచి బల్బు వచ్చింది. అదే బస్సు మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో అతన్ని ఎక్కించుకొని పోయింది. సాయిబు గారు ఒక ట్రంకు పెట్టె ఎత్తి పైన పెట్టాడు. నేను కిటికీ ముందు నిలబడి ఉన్నాను. నలుగురిలో ఏం మాట్లాడాలి? అతను కిటికీలోంచి, "అన్నం సరిగ్గా తిను," అన్నాడు. నేనూ, "అన్నం సరిగ్గా తిను," అన్నాను. బస్సు కదిలింది.

సందేళ ఆటకు నేను పోకూడదనుకున్నాను. కాళ్ళు అటే పోయాయి. ఆ రోజు సినిమా సొంత గొంతులతో ఆడింది. మొదటి నుంచీ జనం కుదురుగా లేరు. "హీరోకి జలుబు చేసినట్టుండాదే," అన్నారు. హీరోయిను మాట్లాడగానే, "ఇది ఆ పిల్ల గొంతు కాదు, ఎవుర్నో పెట్టినారు," అన్నారు. తొమ్మిదో రీలు వచ్చింది. హీరో ముఖం అటు తిప్పుకొని, తాను లా పరీక్షకు పట్నం పోతున్నాననీ, తిరిగి వచ్చేదాకా అమ్మనూ పశువులనూ చూసుకోమనీ చెప్పాడు. అంతే. అంతసేపు చెప్పింది అదే. హీరోయిను "అలాగేనండీ" అంది. ఎద్దు వచ్చింది. ఏమీ అనలేదు.

"దొంగ సౌండు!" అని ఎవరో లేచారు. "ఎద్దు నోరు మూసేసినారు!" బెంచీలు తిరగబడ్డాయి. ఓనరు జనంలో నన్ను వెతికి పట్టుకొని దాదాపు మోసుకొంటూ తెర వెనక్కి తీసుకుపోయాడు. సౌండు ఆపించి, రీలు మళ్ళీ ఎక్కించాడు.

"వాడు లేడు," అన్నాను.

"ఇద్దరిదీ నువ్వే చెప్పు, నాయనా. లేకుంటే నా గుడారం కాలస్తారు."

మైకు ముందు నా పక్కన ఎవరూ లేరు. బొమ్మ పడింది. నేను మాట్లాడాను. నీళ్ళ మాట తీసేసి కొలతల మాటే పెట్టాను. అతను ఊరు దాటిపోయాడు కాబట్టి ఇక ఎవరికి తెలిసినా ఫర్వాలేదనుకున్నాను. "నువ్వు పోబాక" అనే చోట, "నువ్వు పోయినావు," అని వచ్చింది నోటికి. హీరోయిను ఏడ్చి వెళ్ళిపోయింది. ఎద్దు వచ్చింది. ఎంత ప్రయత్నించినా ఆ రెండు మాటలు నాకు రాలేదు. ఎద్దు ఒట్టి దవడ ఆడిస్తోంది.

అప్పుడు తెర అవతల గుడారం గుడారమంతా, మూడు వందల మంది, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ముసలివాళ్ళూ కలిసి, "నాకూ అంతే!" అన్నారు.

నేను ఇసుకలో ముఖం పెట్టుకొని ఏడ్చాను. ఓనరు నా వీపు తడుతూ, "అద్భుతం, అద్భుతం," అంటున్నాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలి. నేను పరీక్ష పాసయ్యాను. టీచరు ట్రెయినింగు చేశాను. మొదటి ఉద్యోగం దొరవారిసత్రం దగ్గర స్కూల్లో ఇచ్చారు. మద్రాసు రైలు అక్కడ ఆగుతుంది. అంతకు మించి ఆ ఊరి గురించి నేనేమీ విచారించకుండా చేరిపోయాను. అప్పటికి మాకు ఇరవై మూడేళ్ళు. మధ్యలో ఉత్తరాలున్నాయి. అతను మద్రాసులో సినిమా డ్రెస్సులు కుడుతున్నాడు. పెద్దపెద్ద హీరోలకు కొలతలు తీశాడు. అందరికీ ఒక్కసారికే లెక్క సరిపోయిందని ఒక ఉత్తరంలో రాశాడు. పెళ్ళి మాట ఎత్తిన మామతో, "నేను చేసుకోను," అని చెప్పేశాడట. మామ ఎందుకని అడిగితే, ఇష్టమైన మనిషి ఒకరున్నారన్నాడట. "సినిమా మనిషా?" అన్నాడట మామ. "కొంతవరకు," అన్నాడట.

ప్రతి ఆదివారం పొద్దుటి ప్యాసింజరుకు వచ్చేవాడు. చలికాలమైతే పులికాట్ సరస్సు గట్టున నడిచేవాళ్ళం, కొంగల్ని చూసేవాళ్ళం. నేను వంట చేస్తే అతను వంకలు పెట్టేవాడు. సాయంత్రం బండికి కొన్నిసార్లు వెళ్ళేవాడు, కొన్నిసార్లు సోమవారం తెల్లవారి బండికి వెళ్ళేవాడు.

నేను అద్దెకున్న ఇల్లు ఒక ముసలామెది. ఒంటరి మనిషి. రెండు నెలలు చూసి ఒకరోజు అడిగింది.

"అయ్యవారూ, ఆ ఆదివారం అబ్బయ నీకేమవతాడు?"

బంధువనీ, క్లాస్‌మేటనీ చెప్పడానికి నోరు తెరిచాను. ఎందుకో విసుగేసింది. నేను చెప్పాలనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వస్తోంది. "ఆయన నాకు ఇష్టమైన మనిషమ్మా," అన్నాను. "పెళ్ళాం మీద ఉండే ఇష్టం లాంటిది."

ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ విన్నది. ముఖంలో ఏ మార్పూ లేదు. వినపడలేదేమో అనుకొని మళ్ళీ చెప్పబోయాను.

"వినపడింది," అంది. "నీ చాప ఇరుకు. ఒక మనిషికే చాలదు. వెడల్పుది అల్లిస్తా, వచ్చే ఆదివారానికి వస్తాది."

అన్నట్టే తెప్పించింది. తుంగచాప, అంచుకు ఎర్ర రంగు. ఆమెకు కొలతలు ఎవరు చెప్పారో గాని, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు వచ్చింది. తలుపు మూయడానికి ఒక మూల మడత పెట్టాల్సి వచ్చేది. ఆ ఆదివారం అతను రాగానే దాని మీద కూర్చొని చేపల పులుసు తిన్నాం. రంగు ఇంకా ఆరలేదు. సోమవారం స్కూల్లో నా తెల్ల పంచెకు వెనకాల ఎర్రగా అంటిందని పిల్లలు నవ్వారు. ముసలామె ఉప్పుతో ఉతకమని చెప్పింది, ఉతికాను గాని పూర్తిగా పోలేదు.